విరిగిన నీలప్పతో ఆళ్లగడ్డకు

ఈ ప్రయాణం పోయిన దసరా ముందు చేసింది. అప్పుడే రాయకపోవడానికి కారణం, అప్పటికి నాకు సంతకం తప్ప రాయడం సరిగా రాదు. చదవడం మాత్రం యాభై ఎనిమిదో ఏట వచ్చింది. అంగట్లో సబ్బు పెట్టెల మీది పేర్లు, గోడ మీది క్యాలెండరు, ఆ తర్వాత పేపర్లో పెద్దక్షరాలు, ఇలా మా మరిది శేషు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. చదవడానికి కన్ను చాలు. రాయడానికి చెయ్యి కూడా మాట వినాలి, నా చెయ్యి చాన్నాళ్లు వినలేదు. ఒత్తు పెట్టబోతే కింది గీత దాటి పోయేది. ఈ ఏడాదంతా రోజుకో పేజీ దిద్దుకున్నాక ఇప్పుడు నాలుగు మాటలు వరుసగా నిలబెట్టగలుగుతున్నాను.

డోన్ నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ ఎంత దూరం, అదీ ఒక యాత్రేనా అని మీరు నవ్వొచ్చు. కానీ నేను ఒక్కదాన్నే బోర్డులు చదువుకుంటూ పోయిన మొదటి ప్రయాణం అది. పోయింది దేవుడి దర్శనానికి కాదు. పోయినన్ని గంటలూ భయంతోనే పోయాను.

డోన్: చెయ్యి ఊడిన పొద్దు

మాది బజారులో ఫ్యాన్సీ అంగడి. మా ఆయన, శేషు కలిసి నడుపుతారు. నేను కాపురానికొచ్చిన మూడో ఏట శేషు పుట్టాడు. వాడికి నాలుగేళ్లప్పుడు మా అత్త పోయింది. అప్పటినుంచి వాడికి తల దువ్వింది, అన్నం పెట్టింది నేనే.

వాడికి పదేళ్లున్నప్పుడు టీవీలో ఆదివారం పొద్దున ఒక సీరియలు వచ్చేది. ఆకాశంలో పోయే ఓడ, అందులో మనుషులు, ఒక మరమనిషి, వేరే లోకపు రాణి. అంతా హిందీ. మా వీధిలో అప్పుడు రెండే టీవీలు, ఒకటి మా అంగట్లో ఉండేది. ఆడవాళ్లు పనులు ముగించుకుని వచ్చి కింద కూర్చునేవాళ్లు. శేషు ముందు నిలబడి కథ తెలుగులో చెప్పేవాడు. ఓడలో నీళ్లైపోయాయనీ, నీళ్ల ట్యాంకరుకు రాణి అడ్డం పడిందనీ, నాయకుడు ఆమెతో కొట్లాడుతున్నాడనీ చెప్పేవాడు. నీళ్లకు కటకటపడే డోన్ వాళ్లం కాబట్టి ఆ కథ మాకు బాగా అర్థమయ్యేది. వాడికీ హిందీ రాదని మాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

ఆ సీరియలు బొమ్మలు ఒక అట్టపెట్టె నిండా మా మామ హైదరాబాదు నుంచి తెచ్చాడు. జానెడు కూడా ఉండవు. చేతులు, కాళ్లు, మెడ తిరుగుతాయి. అన్నీ అమ్ముడుపోయాయి, ఐదు మాత్రం శేషు దాచుకున్నాడు. వాటి అసలు పేర్లు నాకు తెలియవు, పెట్టె మీద ఉన్నది ఇంగ్లీషు. వాడు పెట్టిన పేర్లే మా ఇంట్లో నిలిచాయి. నీలం కోటు నాయకుడు నీలప్ప, మరమనిషి డబ్బాతలకాయ, పచ్చముఖం రాణి పాచమ్మ, మిగిలిన ఇద్దరూ పెద్దగుండు, చిన్నగుండు. ముప్పై ఏళ్లుగా ఆ ఐదుగురూ గల్లాపెట్టె వెనక అద్దాల అరలో నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు వాళ్లను చూస్తే ఆ ఆదివారాలు, ఆ ఆడవాళ్ల మాటలు గుర్తొస్తాయి. ఆ ఆడవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు.

నాలుగేళ్ల కిందట బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి, ఇలాంటి పాత బొమ్మలు ఎక్కడా దొరకవని, ఐదింటికీ నలభై వేలిస్తానన్నాడు. మా ఆయన వెంటనే సరేనన్నాడు. శేషు వద్దన్నాడు. "ఇన్ని దుడ్లొస్తాంటే ఈటిని పెట్టుకోని ఏం చేస్తావురా" అని పెద్దాయన, "నా బొమ్మలకు బేరం చేసేకి నువ్వెవరు" అని చిన్నోడు. మూడు నెలలు ఇద్దరికీ మాటల్లేవు. అంగడి మధ్యలో గోడ కట్టాలనే దాకా వచ్చింది. మేస్త్రీ వచ్చి టేపుతో కొలత కూడా తీసుకుపోయాడు. నేను అన్నం మానేసి కూర్చుంటే ఆగింది.

పోయిన దసరాకు, ఆయుధపూజ మూడు రోజులుందనగా, అర దులుపుతూ నీలప్పను చెయ్యి పట్టి ఎత్తాను. చెయ్యి నా వేళ్లలో ఉండిపోయింది, మిగతాది నేలమీద పడింది. పాతబడితే ప్లాస్టిక్కు కూడా అప్పడంలా పెళుసవుతుందని నాకు తెలియదు. ట్యూబు జిగురు పూస్తే, అది చెయ్యికి పట్టకుండా కోటు మీదికి కారి, బూజు పట్టినట్టు తెల్లమచ్చ మిగిలింది.

శేషు పండగ సరుకుకు హైదరాబాదు పోయి ఉన్నాడు. పూజకు ముందురోజు సాయంత్రం వస్తాడు. వాడి పెండ్లాం, పిల్లలు పుట్టింట్లో ఉన్నారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. చూడగానే వాడేమనుకుంటాడో నాకు తెలుసు, అన్న కోపం పెట్టుకుని విరిచాడనుకుంటాడు. నేను విరిచానని చెప్పినా నమ్మడు. ఇంట్లో ఎవరి తప్పైనా నా మీద వేసుకోవడం నాకు అలవాటు, అది వాడికీ తెలుసు. మళ్లీ మేస్త్రీ వస్తాడు. ఈసారి కొలత తీసుకుని ఊరుకోడు.

అర మీద పాత చీర ముక్క కప్పి, దుమ్ము పడకుండా అన్నాను. నంద్యాల పెద్ద ఊరు, అతికించేవాళ్లు ఎవరో ఒకరు దొరక్కపోరనుకుని, మహానందికి మొక్కుంది, పోయొస్తానని మా ఆయనకు చెప్పాను.

"ఒక్కదానివేనా?"

"బోర్డులు చదువుకుంటాలే."

"సరే, పో."

అంత సులభంగా నమ్మినందుకు నాకు ఇంకా భయం వేసింది.

రైల్లో

నీలప్పను దూదిలో చుట్టి స్టీలు టిఫిను డబ్బాలో పెట్టాను. చెయ్యి ఒక కాగితంలో పక్కనే. రైలు ఊగినప్పుడల్లా మూత తీసి చూశాను. కాళ్లు కూడా ఊడితే ఏం చెయ్యాలి?

బేతంచెర్లలో ఎక్కిన ఒక ముసలామె ఎదురుగా కూర్చుంది. కాసేపు ఓర్చుకుని అడిగేసింది. "ఏందక్కా, మాటిమాటికీ తెరిచి సూస్తాండావు. కోడిపిల్ల ఉందా?"

చూపించాను. ఆమె నవ్వలేదు. చటుక్కున తన పైపళ్ల వరస తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇది రెండు ముక్కలైతే నంద్యాల్లో అతికిచ్చిరి. ఆడ పళ్ల సెట్లు చేసే ఖాదర్ బాషా అని ఉండాడు. ప్లాస్టిక్కు పని బాగా చేస్తాడు. పో." పళ్లు లేకుండా ఆమె చెప్పిన మాటల్లో సగమే తెలిసింది. మళ్లీ పెట్టుకుని మొత్తం ఇంకోసారి చెప్పింది.

నంద్యాల: పళ్ల సెట్లాయన

స్టేషను బయట బొరుగుల ఉగ్గాని తిన్నాను, బజ్జీతో కలిపి నలభై రూపాయలు. మా ఊళ్లో ముప్పైకే పెడతారు, కారం ఇంకాస్త ఎక్కువ. ఇక్కడ నాకు బాగా నచ్చింది నీళ్లు. హోటలు ముందర కుళాయి ఊరికే కారుతుంటే ఎవరూ పట్టించుకోవడం లేదు. లేచి వెళ్లి కట్టేశాను. హోటలాయన నన్ను వింతగా చూశాడు.

ఖాదర్ బాషా పనిగది ఒక సందులో ఉంది. బల్ల నిండా పళ్లే, రంగురంగుల చిగుళ్లే. అరవై దాటిన మనిషి. డబ్బా తెరవగానే ఆయన ముఖం మారిపోయింది.

"అరే, ఈయన్ను యాడ పట్టినావమ్మా? ఆదివారం సీరియల్లో డాక్టరు కదా ఈయన."

"డాక్టరు కాదు భాయ్, ఓడ నాయకుడు."

"కాదమ్మా. నాకు ఆ భాష తెలుసు గదా, ఒక్క వారం ఇడ్సలేదు. నాయకుడు గడ్డమాయన. ఈయన సూదులు ఏసేటాయన, పిరికోడు. ఏదన్నా వస్తే మంచం కిందికి దూరుతాండె."

ముప్పై ఏళ్ల నీలప్ప ఒక్క నిమిషంలో మంచం కింద చేరాడు. శేషుకు చెప్పకుండా దాచాల్సింది ఇంకొకటి తయారైందని దిగులు పట్టుకుంది. ఆయన మాత్రం సంబరంగా పని ఆపి అరగంట సేపు ఆ సీరియలు కథంతా చెప్పాడు. వాళ్ల నాయనకు తెలియకుండా పక్కింటి కిటికీలోంచి చూసేవాడట. అప్పటికే పెళ్లయిందట కూడా.

"మరి అతికిస్తావా భాయ్?"

భూతద్దంతో భుజం చూసి తల అడ్డంగా ఊపాడు. "నా కాడ పంటి రంగుంది, చిగురు రంగుంది. నీలం లేదు. పైగా మా మందు పోస్తే వేడి పుడతాది. ఈ ముసలోడు తట్టుకోడు, కరుగుతాడు. ఆళ్లగడ్డకు పో. శిల్పాలు చేసే వీరాచారి ఇప్పుడు ఫైబరు బొమ్మలు కూడా పోస్తాడు. నా పేరు చెప్పు."

డబ్బులు తీసుకోలేదు. వెళ్లేముందు ఇంకోసారి చూస్తానని డబ్బా మూత తానే తీశాడు.

సత్రంలో

ఆ పూటకు మా వాళ్ల సత్రంలో దిగాను. గుమాస్తా రిజిస్టరు ముందుకు తోసి, అలవాటుగా వేలిముద్ర స్యాహీ కూడా పక్కన పెట్టాడు. పెన్ను అడిగి సంతకం చేశాను. 'వచ్చిన పని' అనే గడిలో ఏం రాయాలో తోచలేదు. మహానంది అని రాస్తే అబద్ధం కాగితం మీద నిలిచిపోతుంది. 'పని' అని రెండక్షరాలు వంకరగా రాసి ఊరుకున్నాను. గుమాస్తా చదివి, "ఏం పనమ్మా?" అన్నాడు. "ఉంది" అన్నాను.

పప్పు, వంకాయ కూర, మజ్జిగ, డెబ్బై రూపాయలు. బాగానే ఉందని పక్కనామె అంటే తెలిసింది, నాకు రుచి తెలియలేదు.

పొద్దున బస్టాండులో ఒక పొరపాటు జరిగింది. నేను కూడబలుక్కుని చదువుతాను. 'ఆ' తర్వాత 'ళ' కింది ఒత్తు దగ్గర ఆగాను. మొత్తం ఆళ్లగడ్డ అని తేలేసరికి బస్సు కదిలి గేటు దాటింది. తర్వాతి బస్సుకు గంట కూర్చున్నాను. ఆ గంటలో శేషు నాకంటే ముందే ఇల్లు చేరి గుడ్డ ఎత్తి చూసినట్టు పదిసార్లు కనిపించింది.

ఆళ్లగడ్డ: మెడ సందులో పసుపు

శిల్పుల వీధి ఎక్కడని అడగనక్కర్లేదు, చప్పుడే చెబుతుంది. రోడ్డుకు రెండువైపులా నందులు, వినాయకులు, ముఖాలకు గుడ్డ కట్టిన నాయకులు. మనుషుల కనుబొమలు కూడా రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. మా అంగట్లో రోజంతా దుమ్ము తుడవడమే పని. ఇక్కడ దుమ్ము లేస్తేనే పని జరుగుతున్నట్టు.

వీరాచారి సన్నటి మనిషి. పళ్లాయన పేరు చెప్పగానే పీట వేశాడు. నీలప్పను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరమ్మా ఈయప్ప? మీ ఊరి లీడరా?"

"కాదప్పా. టీవీలో ఆకాశ ఓడలో ఉండేటాయన. మా మరిది బొమ్మ."

"భుజంలో సన్న తీగ దించి ఫైబరు పోస్తా. గంట పని. మూడు నూర్లియ్యి. చెయ్యి తిరగదు, ఒకే తీరుగా ఉంటాది. సరేనా?"

సరేనన్నాను. రెండు రోజుల్లో మొదటిసారి ఊపిరి నిండా పీల్చాను. ఆయన భార్య చెన్నమ్మ జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి పెట్టింది. తెలియని ఇంట్లో నేను తినను. ఆ రోజు రెండు రొట్టెలు తిన్నాను. మా రొట్టె కంటే పలుచన, పచ్చట్లో బెల్లం లేదు.

వీరాచారి కుంచె తడిపి బొమ్మను శుభ్రం చేస్తూ, "ఈ మెడ సందులో పసుపేంది?" అన్నాడు.

నోట్లో రొట్టె, మనసులో నెమ్మది. గొప్పగా చెప్పేశాను. "ఏటేటా ఆయుధపూజకు తక్కెడ, గల్లాపెట్టె, కత్తెరలతో పాటు ఐదింటికీ నేనే పసుపు రాసి బొట్టు పెడతాను. టెంకాయ కొట్టి కర్పూరం తిప్పుతాను. ముప్పై ఏండ్లుగా ఒక్కేడు తప్పలేదు."

అంగడివాళ్లం, అరలో ఉన్న ఏ వస్తువునూ ఆ రోజు బొట్టు లేకుండా వదలం.

వీరాచారి కుంచె కింద పెట్టాడు. నీలప్పను మెల్లగా పీట మీద పడుకోబెట్టి చేతులు కడుక్కున్నాడు.

"ఇది నేను చేయనమ్మా."

"ఏందప్పా, ఇప్పుడే గదా సరేనంటివి."

"అప్పుడు బొమ్మనుకుంటి. కర్పూరం తిప్పినాక అది పూజలో ఉండేది. భిన్నమైతే నీళ్లల్లో ఇడిసి కొత్తది చేయల్ల. అతికిచ్చేది లేదు. మా నాయన చేయలేదు, నేనూ చేయను."

"ప్లాస్టిక్కప్పా అది."

"ప్లాస్టిక్కో, రాయో. తిప్పింది నువ్వే గదా."

చెన్నమ్మ లోపలినుంచి అందుకుంది. "మొన్న ఆ లీడరు ముక్కు పోతే ఒక్క పూటలో అతికిస్తివి?"

"ఆయనకు దండలేసినారు. కర్పూరం ఎవురు తిప్పిరి?"

"ఎలక్షన్ల ముందర తిప్పింటార్లే."

"నువ్వు ఊరుకోయే."

పూజ చేయలేదనుకోమని బతిమాలాను. "చెప్పినాక యాడ అనుకునేది" అన్నాడు. డబ్బు రెట్టింపు ఇస్తానన్నాను. ఆయన ముఖం చూసి ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాను.

నాలుగంగళ్లు దాటి ఇంకో శిల్పి ఉన్నాడు. అక్కడికి పోయేముందు కుళాయి దగ్గర నిలబడి నీలప్ప మెడను కొంగుతో రుద్దాను. ఈసారి ఉత్త బొమ్మ అని చెబుదామనుకున్నాను. పసుపు పోలేదు. ముప్పై ఏళ్లది, ప్లాస్టిక్కులోకి ఇంకిపోయింది. గట్టిగా రుద్దితే మెడ వస్తుందని భయం. ఆ శిల్పి బొమ్మ చూసి, మెడ చూసి, నా ముఖం చూశాడు. ఆయన అడగకముందే, "పూజ చేసిందే" అన్నాను. "అట్లయితే ఎవురూ చేయరమ్మా ఈడ" అన్నాడు.

బస్టాండు దాకా వచ్చాక డబ్బా తెరిస్తే చెయ్యి లేదు. వీరాచారి పీట దగ్గరే మరిచిపోయాను. పరుగున పోతే, కాగితంలో మడిచి పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

"బొమ్మ మీ మరిదిదంటివి. అడిగే తెచ్చినావా?"

"లేదు."

"మేం గుడివాళ్లనడగకుండా భిన్నమైంది ఏదీ ముట్టం. నీళ్లల్లో ఇడిసేదో, ఇంట్లో పెట్టుకునేదో, బొమ్మగలాయన చెప్పల్ల. నువ్వు కాదు, నేను కాదు."

"చెబితే ఇల్లు రెండైతాదప్పా. మా ఆయన ఇరిచినాడనుకుంటాడు."

"చెప్పకుంటే ఎవురనుకుంటాడు?"

చెయ్యిని డబ్బాలో పెట్టి మూత బిగించాను. మూడు వందలూ కొంగులో అలాగే ఉన్నాయి.

తిరుగు దారి

నంద్యాలలో దిగి, మహానందివని అమ్ముతున్న అరటిపండ్లు డజను అరవై రూపాయలకు కొన్నాను. ఒట్టి చేతులతో పోతే మా ఆయన దర్శనం సంగతి అడుగుతాడు. రైల్లో డబ్బా తెరవలేదు. తెరిచి చూసేదేముంది?

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. శేషు అప్పటికే వచ్చి అట్టపెట్టెలు విప్పుతున్నాడు. అర మీది గుడ్డ అలాగే ఉంది. "దర్శనం బాగా అయిందా వదినా?" అన్నాడు. తల ఊపాను. మా ఆయన రెండు అరటిపండ్లు కళ్లకద్దుకుని తిన్నాడు. అన్నదమ్ములిద్దరూ హైదరాబాదు ధరల గురించి మాట్లాడుకుంటూ భోంచేస్తుంటే, ఈ రెండు కంచాలూ ఒకే వరసలో ఉండేది ఇదే ఆఖరేమో అనుకుంటూ వడ్డించాను. చెప్పలేకపోయాను.

మరుసటి పొద్దున

స్నానం చేసి, గడపకు పసుపు రాసి, పూజ పళ్లెం సిద్ధం చేసి, ఇద్దరినీ అంగట్లోకి పిలిచాను. గుడ్డ తీశాను.

అరలో నలుగురే ఉన్నారు. శేషు చూపు ఆ ఖాళీ మీద ఆగింది. అక్కడినుంచి నేరుగా అన్న ముఖం మీదికి పోయింది. నేను మూడు రోజులుగా భయపడిన చూపు అదే.

డబ్బా తెరిచి నీలప్పను, చెయ్యిని గల్లాపెట్టె మీద పెట్టాను. "శేషూ, దులిపేటప్పుడు నా చేతిలో ఇరిగిందప్పా. నంద్యాల పోయినా, ఆళ్లగడ్డ పోయినా. ఎవురూ అతికియ్యలేదు."

వాడి చూపు ఇంకా అన్న మీదే ఉంది. నమ్మలేదని తెలుస్తోంది.

మా ఆయన నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. "ఆళ్లగడ్డనా? మహానందికి అంటివి గదే?"

"పోలేదు."

"మరి ఆ అరటిపండ్లు?"

"నంద్యాల బస్టాండులో కొన్నా."

"రెండు తింటినే, కండ్లకద్దుకోని." ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

శేషు అన్న ముఖంలోకి చాలాసేపు చూశాడు. అంత అమాయకంగా నోరు తెరవడం మా ఆయనకు నటిస్తే రాదు. అది నాకంటే వాడికే బాగా తెలుసు.

"ఈయనకేం తెలీదు" అన్నాడు చివరికి. తర్వాత నాతో, "నువ్వు చెప్పకపోయింటే అన్ననే అనుకునేవాణ్ని వదినా."

"నేనెందుకు ఇరగ్గొడ్తారా" అన్నాడు మా ఆయన. "నేనైతే అమ్ముకుంటా."

శేషు నవ్వాపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

వీరాచారి చెప్పినదంతా చెప్పాను. నీళ్లలో వదలాలో, ఉంచుకోవాలో వాడే చెప్పాలన్నాను.

"మనూర్లో ఇడిసేకి నీళ్లు యాడుండాయి వదినా?" నీలప్పను తీసుకుని భుజం చూశాడు, కోటు మీది తెల్లమచ్చను గోటితో గీకాడు. "దీనికి ఇంక పూజ వద్దు. నా బొమ్మ నాకియ్యి."

చెయ్యి ఒక జేబులో, నీలప్ప ఇంకో జేబులో వేసుకున్నాడు. నేను తక్కెడకు, గల్లాపెట్టెకు, కత్తెరలకు, మిగిలిన నలుగురికీ పసుపు రాసి బొట్లు పెట్టాను. మా ఆయన టెంకాయ కొట్టాడు. నేను కర్పూరం తిప్పుతుంటే శేషు అన్న పక్కనే నిలబడి దండం పెట్టుకున్నాడు. వాడి చొక్కా జేబులోంచి నీలప్ప తల బయటికి కనిపిస్తూ ఉంది.